వెనక ఎడమ తలుపు

మా కారుకి ఏ జబ్బు చేసినా మా ఆయన దగ్గర ఒకటే మందు. “నడుస్తోందిగా” అంటాడు. ముందు సీటు పట్టాల్లో ఇరుక్కుని వెనక్కి జరగనంటే నడుస్తోందిగా. సామాను పెట్టుకునే సొరుగు మూత పడకపోతే నడుస్తోందిగా. పైకప్పుకి అంటించిన గుడ్డ ఊడి నెత్తి మీదికి జారుతుంటే, నా కుట్టుపెట్టెలోంచి గుండుసూదులు పట్టుకుపోయి దానికి గుచ్చి, మళ్ళీ అదే మాట. కారన్నాక నడవక ఎగురుతుందా, లోపల మనిషి కూర్చునేలా ఉందో లేదో చూడండి అని నేను గొంతు చించుకున్నా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆ కారుని మా ఇంట్లో పెద్దాయన అంటాం. మా అమ్మాయి పుట్టకముందు కొన్నది. అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, వాళ్ళ నాన్న కంటే పొడుగైపోయింది, అయినా దాన్ని ఇంకా పొట్టి అనే పిలుస్తాం. ఒకసారి అలవాటైతే ఇక మారం, అదీ మా సంగతి. పెద్దాయన విషయంలోనూ అంతే. ఏది పాడైతే దానికో కిటుకు కనిపెట్టడం, ఇంటిల్లిపాదీ దాన్ని నేర్చేసుకోవడం, పాడైందన్న సంగతే మర్చిపోవడం. సొరుగు మూతకి పొట్టి తన జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండు. డ్రైవరు పక్క అద్దం మొరాయిస్తే రెండు అరచేతుల మధ్య పట్టి పైకి లాగాలి. బెల్టు దానంతటది లోపలికి పోదు కాబట్టి దిగేముందు కాస్త తోసి, మిగిలింది సీటు సందులో దోపాలి. వెనక ఎడమ తలుపు లోపల్నించి తెరుచుకోదు, అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి పిడి లాగాలి. చుట్టాలెవరైనా ఎక్కితే మా ఆయన ఇవన్నీ ఎంత మురిపెంగా చూపించేవాడంటే, కొత్తిల్లు కట్టుకున్నవాడు గదులు చూపిస్తున్నట్టే ఉండేది.

ఇంకా ఎన్నేళ్ళు అలాగే గడిచేవో గానీ, మా అత్తయ్యకి మోకాలి ఆపరేషనయింది.

అత్తయ్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వార్డులో అడుగుపెడితే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు తడిమి చూసుకునేవాళ్ళట. నాకూ ఆవిడకీ మొదట్నించీ మాటకి మాట. ఒకరికొకరం తగ్గం, అలాగని ఒకరు లేకపోతే ఒకరికి పొద్దూ పోదు. అలాంటి మనిషి ఆపరేషనయ్యాక కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు నుంచి వరండాలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, అక్కణ్ణించి కదలనంది.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే హాలు ఉంది. వారానికి కొన్నిసార్లు వచ్చి మోకాలు వంచే యంత్రం మీద చేయించుకోవాలని ముందే చెప్పారు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అడిగితే “ఓపిక లేదమ్మాయ్” అంటుంది. చివరికి ఆ వ్యాయామాలు చేయించే అమ్మాయే ఫోను చేసింది. నేను స్పీకరు పెట్టాను, అత్తయ్య చెవిన పడాలని.

“ఇప్పుడు వంచకపోతే లోపల బిగిసిపోతుందండీ. తర్వాత మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. అప్పటికీ లొంగకపోతే ఇక ఆ కాలు కర్రలా ఉండిపోతుంది. మీ అత్తగారికి నేను చెప్పాలా, ఆవిడకి తెలియదా?”

తెలుసు. ఇదే మాట ఎంతమంది రోగుల్ని కూర్చోబెట్టి చెప్పిందో ఆవిడకే తెలియాలి. ఫోను పెట్టేశాక నేను ఆవిడ మొహం వంక చూశాను. ఆవిడ వీధి వంక చూస్తోంది. భయమేసింది నాకు. అత్తయ్యని నేను చాలా రకాలుగా చూశాను గానీ, తప్పు చేస్తున్నానని తెలిసి కూడా చేస్తూ కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

“పోనీ టాక్సీ పిలుస్తాను, వెళ్దాం పదండి” అన్నాను.

“ఇంట్లో కారు పెట్టుకుని టాక్సీ ఏంటి, వినేవాళ్ళు నవ్వుతారు.”

“అయితే కారే ఎక్కండి.”

“ఎక్కితే ఆ గుడ్డ నెత్తి మీద పడుతుంది. గుండుసూది ఏ కంట్లోనో దిగితే మోకాలితో పాటు కన్ను కూడా చూపించుకోవాలి.”

సరే, అదా సంగతి అనుకున్నాను. నేను కిటికీ తెరలు, సోఫా తొడుగులు కుట్టి బతికే మనిషిని. గుడ్డ దగ్గర నాకు ఎదురేముంది. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, పైగుడ్డ బాగుచేస్తున్నానని. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూతపడేలా నేనే ముందన్నాను.

“కారు నడుస్తోందండీ. మీ అమ్మ నడవడం లేదు.”

మొదటిసారి నాకు తెలిసిన పద్ధతే చేశాను. గుడ్డకీ పైకప్పు అట్టకీ మధ్య బంక పూసి, అరచేత్తో రుద్ది, జారకుండా కింద కర్టెను కడ్డీలు అడ్డంపెట్టి ఆరబెట్టాను. తెల్లారేసరికి బంక గుడ్డ ఇవతలికి ఊరి మచ్చలు మచ్చలుగా తేలింది, మధ్యాహ్నానికి గుడ్డంతా మళ్ళీ కిందికొచ్చింది. నా పనితనం నన్నే వెక్కిరిస్తుంటే ఒళ్ళు మండి, ఒక మూల పట్టి లాగి చూశాను. గుడ్డ వెనక పల్చటి స్పాంజి ఉంటుంది, అది కాస్తా వయసుకి పిండి పిండి అయిపోయింది. బంక అంటుకున్నది ఆ పిండికి. ఇక ఎన్నిసార్లు అంటిస్తే మాత్రం ఏం లాభం.

రెండోసారి బుద్ధిగా చేశాను. ఎండకి అడ్డం దించుకునే పలకలు, చేత్తో పట్టుకునే పిడులు, లోపలి దీపం, అన్నీ విప్పి, పైకప్పు అట్ట మొత్తాన్ని పొట్టి సాయంతో వెనక డిక్కీలోంచి బయటికి లాగాను. బ్రష్షు పెట్టి పాత స్పాంజి అంతా గీకేసరికి ఇద్దరం పసుపు పిండిలో దొర్లినట్టయ్యాం. స్పాంజి అతికించి ఉన్న కొత్త గుడ్డ తెచ్చి, ఎండకి ఊడని బంక కొట్టి, మధ్యలోంచి అంచుల వైపు రుద్దుకుంటూ పోయాను. ఎక్కడా ఒక్క బుడగ లేదు. అట్ట మళ్ళీ ఎక్కించాక లోపల కూర్చుని పైకి చూస్తే, మెడ నొప్పి పుట్టేదాకా చూడాలనిపించింది.

అత్తయ్య వరండాలోంచే మెచ్చుకుంది. “చెయ్యి తిరిగినదానివి, కాదనను. కానీ లోపల ఆ ముక్కిన వాసన ఉందే, నాకు కడుపులో తిప్పుతుంది.”

ముక్కిన వాసన నిజమే. ముందు సీటు దగ్గర కాళ్ళ కింద తివాచీ ఎప్పుడూ చెమ్మగా ఉండేది, మా కిటుకు దాని మీద పాత పేపరు పరవడం. తివాచీ ఎత్తి చూస్తే కింద ఉన్న మందపాటి పొర పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. ఏసీ నీళ్ళు బయటికి పోవడానికి కింద ఒక సన్నటి గొట్టం ఉంటుందని, అది మూసుకుపోతే నీళ్ళు కారులోకొస్తాయని వీధి చివర ఏసీలు బాగుచేసే అతను చెప్పాడు. మెత్తటి తీగ పెట్టి కదిపితే ఆకుల మట్టి ముద్ద ఒకటి ఊడి, వెనకాలే గ్లాసుడు నీళ్ళు బుడబుడా కారాయి. తివాచీనీ కింది పొరనీ మేడ మీద ఎండేశాను. ఎండాక మళ్ళీ పరిచి, అత్తయ్య దగ్గరికి వెళ్ళాను.

“బెల్టు మెడకి అడ్డం పడి వేలాడుతుంది” అంది.

బెల్టు మొత్తం బయటికి లాగి, లోపలికి పోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తోమాను. నల్లటి మురికి దిగింది. ఎండాక వదిలితే సర్రున లోపలికి పోయింది. ఇన్నేళ్ళూ దానికి పట్టిన జబ్బు మురికి తప్ప మరోటి కాదు. ఆ ఊపులో సొరుగుకి కొత్త కొక్కెం వేయించాను, పొట్టి బ్యాండు పొట్టికి ఇచ్చేశాను. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి, “ఇక లేవండి అత్తయ్యా, రేపు పొద్దున వెళ్దాం” అన్నాను.

“రేపు ఎండ ఎక్కువుంటుందేమో” అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని రోజులూ వచ్చిన పని పక్కనపెట్టి, పెద్దాయన కడుపులో దూరి, పిండి మింగి, మురికినీళ్ళు తోడి, చివరికి ఎండట. “మీకు నడవాలనే లేదు అత్తయ్యా. కుర్చీలో కూర్చుని మాతో అన్నీ చేయించుకోవాలని ఉంది. అదేదో ముందే చెప్తే నేనింత తిప్పలు పడేదాన్ని కాదు.”

అత్తయ్య ఎదురు తిరుగుతుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా, “ఎవరితోనూ ఏదీ చేయించుకోవాలని లేదమ్మాయ్. నా బాధల్లా అదే” అని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. నాకు అన్నం సయించలేదు ఆ పూట.

మర్నాడు మా ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్ళాడు. మబ్బుగా ఉందని కారు అద్దాలన్నీ ఎక్కించి, ఇంటి ముందే కదా అని తలుపులకి తాళం వేయకుండా, తాళం చెవి మాత్రం ఎప్పటిలాగే జేబులో వేసుకుని పోయాడు. పొట్టి కాలేజీకి వెళ్ళింది. నాకు చెయ్యి ఊరుకోలేదు. వెనక ఎడమ తలుపుకి లోపలి వైపు అంటించిన గుడ్డ అంచు లేచి ఉంది, అదొక్కటి మిగిలింది. అత్తయ్య ఎక్కినా ఎక్కకపోయినా పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. బంక డబ్బా పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. గుడ్డకి బంక రాసి, నొక్కి, తలుపు వేస్తే అంచు సరిగ్గా కూర్చుంటుందో లేదో చూద్దామని తలుపు దగ్గరికి లాక్కున్నాను. టప్పున పడింది.

అంచు బ్రహ్మాండంగా కూర్చుంది. దిగుదామని చెయ్యి అలవాటుగా కిటికీలోంచి బయటికి పోబోయి అద్దానికి కొట్టుకుంది.

ముందు నవ్వొచ్చింది. అద్దం దించే మీట నొక్కాను. తాళం చెవి లేనిదే అది పలకదు కదా. కుడి పక్క తలుపు తీద్దామంటే సరిగ్గా దాని పక్కనే గేటు స్తంభం ఉంది, బెత్తెడు తెరుచుకుని స్తంభానికి తగిలింది. ముందు సీట్లలోకి దాటుదామంటే, ఒక ఇంటికి చేర్చాల్సిన తెరల కట్టలు రెండు సీట్ల నిండా నేనే పెట్టాను, వాటి ఇనపకడ్డీలు సీట్ల మధ్యలోంచి వెనకదాకా పొడుచుకొచ్చి ఉన్నాయి. నా ఒడ్డూ పొడుగూ కూడా అంత సందులో దూరేది కాదు. ఫోను వరండా గట్టు మీద ఉంది. ఇంతలో మబ్బు విడిపోయి ఎండ కాసింది. పచ్చి బంక వాసన ముక్కుల్లోకి ఎక్కుతుంటే తల దిమ్మెక్కడం మొదలైంది. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. అద్దాన్ని బాదాను. ఒకమ్మాయి వీధిలో పోతూ ఇటు చూసింది, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుకుంటూ అలాగే వెళ్ళిపోయింది. కళ్ళకెదురుగా మనిషి చూసి కూడా పోతుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

వరండాలో అత్తయ్య లేచి నిలబడింది.

వాకర్ పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. మెట్ల మీదికి వాకర్ రాదు. దాన్ని పక్కకి నెట్టి, గోడ పట్టుకుంది. “వద్దు అత్తయ్యా, పడతారు” అని లోపల్నించి అరిచాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆవిడ ఆపరేషనైన కాలు ముందు కిందికి వేసింది, తర్వాత బాగున్న కాలు. వార్డులో అందరికీ నేర్పిన పద్ధతే. ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. మొహం అంతా చెమట. ఇటు ఊపిరాడక నేను, అటు ఎక్కడ పడుతుందోనని నేను. ఆఖరి మెట్టు దిగి, కారు మీద చేతులు ఆనించుకుంటూ వచ్చి, పిడి లాగింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

నేను కాళ్ళు బయటపెట్టి అలాగే కూలబడ్డాను. అత్తయ్య తలుపు పట్టుకుని నిలబడి నన్నొకసారి తేరిపార చూసింది.

“ఎలా ఉంది లోపల?” అంది.

ఆ అడగడంలో ఏదో ఉంది. జరిగి, ఆవిడకి చోటిచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది కాబట్టి కూర్చుంది. కాలు బయటికి చాపుకుని, వీధి వంక చూస్తూ, వార్డులో రోగి సంగతి అప్పజెప్పినట్టు చెప్పింది.

“కుట్లు విప్పించుకుని వస్తుంటే మందుల షాపు దగ్గర ఆపాడు వీడు. దుమ్మని అద్దాలెక్కించి, తాళం వేసుకుపోయాడు. ఇప్పుడే వస్తానన్నాడు. ఇక్కడ లేవని ఇంకో షాపుకి పంపారట. ముందు సీటు వెనక్కి జరగదు కదా, నా కాలికి చోటు చాలేది ఇక్కడొక్కచోటే. అటు తలుపు దాకా జరుగుదామంటే కాలు కదలదు. వేసుకున్న మాత్రలకి మాటిమాటికీ బాత్రూముకి పోవాలి. అద్దం కొట్టాను. నాకూ ఒకాయన కనిపించాడు, చూసి వెళ్ళిపోయాడు.” చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “నీళ్ళ సీసా ఒలకలేదమ్మాయ్ ఆ రోజు.”

సీసా ఒలికిందంటే ఆ రోజు సీటు కడిగింది నేనే. అమ్మ చేతికి మూత సరిగా పెట్టకుండా సీసా ఇస్తారా అని మా ఆయన్ని వీధికి వినపడేలా దులిపింది నేనే. ఆవిడ అప్పుడు వరండాలో ఇదే కుర్చీలో కూర్చుని వింటోంది.

“నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా.”

“వార్డులో ఎవరైనా పక్క తడిపితే, పక్క మంచం వాళ్ళకి కూడా తెలియకుండా దుప్పటి మార్చేదాన్ని. ఎంతమందికి మార్చానో. నాకు జరిగితే చెప్పుకోవడం రాలేదు. ఈ తలుపు వంక చూస్తే చాలు, మళ్ళీ అంతా గుర్తొస్తుంది. దీంట్లో కూర్చుంటే దిగడం నా చేతిలో ఉండదు. టాక్సీ అంటావు, దాని తలుపు ఎలాంటిదో ఎవరికి తెలుసు.” నా మోకాలి మీద చెయ్యి వేసింది. “వాడికి చెప్పకు. నా బదులు తిట్లు తిన్నాడు పాపం, అది చాలు.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ మాత్రం, “చాల్లే, బంక ఆరకముందే ముక్కు చీదకు, గుడ్డ పాడవుతుంది” అంది. ఏడుస్తూనే నవ్వాను.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే గుమ్మంలోనే చెప్పాను. “ఈ తలుపు ఇవాళే బాగవ్వాలి. రేపు అనే మాట వద్దు.”

“దానికేమైంది, అద్దం దించి చెయ్యి బయటపెడితే…”

“తాళం చెవి మీ జేబులో ఉంటే అద్దం ఎలా దిగుతుందండీ?”

ఆయన చెప్పుల్లోంచి కాలు తీయబోతూ ఆగిపోయాడు. నా వంక చూశాడు, నా భుజం మీదుగా వరండా కుర్చీలో ఉన్న వాళ్ళమ్మ వంక చూశాడు. మొహం పాలిపోయింది. “అమ్మా, ఆ రోజు మందుల షాపు దగ్గర…” అని మొదలుపెట్టాడు.

“నీళ్ళ సీసా ఒలికిందిరా. అంతే” అంది అత్తయ్య.

ఆయన తలూపాడు. మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు దూర్చి, స్క్రూడ్రైవరు వెతుక్కోవడానికి వెళ్ళాడు. నడుస్తోందిగా అన్న మాట ఆ తర్వాత ఇప్పటిదాకా నేను వినలేదు.

తలుపు లోపలి పలక విప్పితే తప్ప సంగతి తేలదని ఆయన ఒక్కో స్క్రూ వదులు చేస్తున్నాడు. నేను పొద్దున తలుపు అంచుకి అంటిన బంకని పాత టూత్‌బ్రష్షుతో తోముతున్నాను. బంక కింద ఏళ్ళ తరబడి గట్టిపడిన మట్టి. మట్టి రాలేకొద్దీ లోపల ఏదో బొమ్మ కనిపించింది. పొట్టి సెల్‌ఫోను లైటు కొట్టి వంగి చూసింది.

“అమ్మా, ఇదేంటి, చిన్నపిల్ల మొహం బొమ్మ ఉంది. పక్కన మీటలా ఉంది.”

గోటితో అటు తోసింది. తలుపు వేసుకుని లోపల కూర్చుంది. లోపలి పిడి లాగింది. తలుపు వెన్నలా తెరుచుకుంది.

మా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. చిన్నపిల్లలు లోపల్నించి తెరవకుండా వేసే తాళం అది.

“అంటే ఇన్నేళ్ళూ ఇది బాగానే ఉందా?” అన్నాడు.

“నాన్నా, వానలో అద్దం దించి, తడిసి ముద్దయి పరీక్షకి వెళ్ళాను నేను. గుర్తుందా మీకు?” అంది పొట్టి.

వరండాలోంచి ముందు చిన్నగా, తర్వాత పెద్దగా నవ్వు వినిపించింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటోంది. “అది నేనేరా వేయించింది. ఇది గౌను వేసుకునే వయసులో నడిరోడ్డు మీద తలుపు తీసేసింది. వెనక నుంచి గౌను పట్టుకుని లాగాను కాబట్టి సరిపోయింది. ఆ రోజే నీ చేత తాళం వేయించాను. పిల్ల పెద్దదయ్యాక తీయాలని నాకూ తోచలేదు, నీకూ తోచలేదు.” మళ్ళీ నవ్వొచ్చింది ఆవిడకి. “దాని కోసం వేసిన తాళం తిప్పి తిప్పి నాకు పడింది.”

మా ఆయన మాత్రం నవ్వలేదు. వెళ్ళి వాళ్ళమ్మ కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అత్తయ్య కారెక్కింది. ఎక్కిన వెంటనే కాదు లెండి. ముందు తలుపు వేసుకుంది, పిడి లాగి తెరుచుకుంది, మళ్ళీ వేసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. డ్రైవరు సీట్లో మా ఆయన, పక్కన నేను, చప్పుడు చేయకుండా కూర్చున్నాం. చాలనుకున్నాక, “పోనియ్యి” అంది. ఆసుపత్రి గుమ్మం ముందు ఆపగానే మా ఆయన అలవాటుగా దూకి, వెనక తలుపు తీయడానికి చుట్టూ తిరిగి పరిగెత్తాడు. ఆయన చేరేలోపే తలుపు తెరుచుకుంది. అత్తయ్య ఆపరేషనైన కాలు ముందు నేల మీద పెట్టి, చెయ్యి చాచింది, వాకర్ ఇమ్మని.

యంత్రం మీద ఆవిడ పళ్ళ బిగువున ఎంత నొప్పి భరించిందో చూశాను. వ్యాయామం చేయించే అమ్మాయి మోకాలు కొలిచి చూసి, బాగా ఆలస్యమైందని ముందు చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత, “అయినా బిగుసుకుపోలేదు లెండి. మానకుండా వస్తే వంగుతుంది” అంది. ఇన్నాళ్ళుగా నా గుండెల మీద ఉన్న బరువు దిగింది. అత్తయ్య ఆ అమ్మాయిని, కొలతపట్టీ ఇంకాస్త పైకి పట్టుకోవాలని సరిదిద్దింది కూడా.

తిరిగి వచ్చేటప్పుడు నొప్పి మాత్రల కోసం అదే మందుల షాపు ముందు ఆపాల్సి వచ్చింది. మా ఆయన ఇంజను ఆపాడు. తాళం చెవి తీశాడు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. అప్పుడు వెనక్కి తిరిగి, ఆ చెవిని వాళ్ళమ్మ చేతిలో పెట్టి, గుప్పిట మూసి, దిగి షాపులోకి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళినంతసేపూ అత్తయ్య ఆ గుప్పిట వైపే చూసింది. తర్వాత పిడి లాగి తలుపు బార్లా తెరుచుకుని, కాలు బయటికి చాపుకుని, దారిన పోయేవాళ్ళని చూస్తూ కూర్చుంది.